సచ్చరిత్రయు వృత్తిచరిత్రయు: తొలితరము వైద్యురాండ్ర జీవితచరిత్రలపై ఒక పరిశీలనము

కడప మండలమున బద్వేలు పట్టణమునకు చేరువ నున్న గోపవరము మొల్ల జన్మస్థానమని పెక్కుమంది విమర్శకుల అభిప్రాయము. అది నెల్లూరు సీమలోని గోపవరమని వాదించువారును గలరు. ఆమె కాలమును గూర్చియు ఏకాభిప్రాయము లేదు. కుమ్మరి మొల్ల యని లోకమున వాడుక. రాజాస్థానమున తన కావ్యమును వినిపింపబోగా పండితులు అడ్డుపడిరని జనశ్రుతి. ఇన్ని వాదముల నడుమ స్థిరముగా నిలుచునవి రెండే. ఒకటి, ఆమె రచించిన రామాయణము. రెండవది, దాని యవతారికలో ఆమె తన్ను గూర్చి చెప్పుకొనిన కొలది మాటలు. తండ్రి పేరు కేసన యనియు, గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని యనుగ్రహమున తనకు కవిత్వ మబ్బిన దనియు, శాస్త్రపాండిత్యము తనకు లేదనియు ఆమె చెప్పినది. తక్కిన దంతయు లోకము చేర్చినది.

మేము ఈ వ్యాసమున విచారింప దలచినది మొల్ల చరిత్రను గాదు. వైద్యురాలి జీవితచరిత్రను ఎట్లు వ్రాయవలయునను ప్రశ్నను. అయినను మొల్లతో నారంభించుటకు కారణము గలదు. స్త్రీ జీవితచరిత్రకు ఆధారములు రెండని మొల్ల మనకు నేర్పుచున్నది. మొదటిది ఆత్మోక్తి, రెండవది కృతి. కవయిత్రి విషయమున కృతి కన్నుల యెదుట నుండును. ఎన్ని కట్టుకథలు అల్లుకొన్నను పద్యమును ముట్టుకొని చూచి మరల సత్యమునకు రావచ్చును. వైద్యురాలి కృతి యెచ్చట నుండును? ఆమె చేసిన పని ఇతరుల దేహములలో కలిసిపోవును. సుఖముగా పుట్టిన శిశువు తన పుట్టుకకు సాక్ష్యము చెప్పజాలడు. జ్వరము తగ్గిన యిల్లాలు ఇంటి పనులలో పడి ఆ జ్వరమును మరచును. కావున వైద్యురాలి చరిత్రలో కృతి యుండవలసిన చోటు ఖాళీగా కనబడును. ఆ ఖాళీని నింపుటకై చరిత్రకారులు శీలవర్ణనమును, త్యాగవర్ణనమును తెచ్చి పెట్టుదురు. ఇట్లు జరుగుటవలన చరిత్రకు నష్టము వాటిల్లుచున్న దని మా వాదము.

సచ్చరిత్ర సంప్రదాయము

తెలుగు వచనమున స్త్రీల జీవితచరిత్రలను ఒక ప్రణాళికతో రచించిన తొలి రచయిత్రి భండారు అచ్చమాంబ. ఆమె 1874లో కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలులో జన్మించెను. బాల్యముననే వివాహమయ్యెను. బడికి పోయి చదివినది కాదు. తమ్ముడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు చదువుకొనుచుండగా అతని తోడ్పాటున తానును చదువు నేర్చెను. భర్త యుద్యోగమువలన మధ్యపరగణాలలో నివసించి హిందీ, మరాఠీ భాషలతో పరిచయము సంపాదించెను. తన బిడ్డలను పసితనముననే పోగొట్టుకొనెను. ఆమె రచించిన అబలా సచ్చరిత్ర రత్నమాల ప్రథమభాగము 1901లో వెలువడెను. 1902లో బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయమున, ఆమె మరణించెను.

ఆ గ్రంథనామమునే పరికింపుడు. అందు మూడు మాటలు గలవు. స్త్రీని అబల యనుట లోకవ్యవహారము. సచ్చరిత్ర యనుట ఆ లోకమునకు చెప్పిన సమాధానము. రత్నమాల యనుట కూర్పునకు పేరు. స్త్రీలు బుద్ధిహీనలనియు, విద్య నేర్పినచో చెడిపోవుదురనియు నమ్మిన కాలమున, విద్యావతులును ధీరలును అయిన స్త్రీలు పూర్వము నుండియు కలరని చూపుటయే ఆమె తలపెట్టిన కార్యము. ఆ కార్యమునకు తగిన సాధనమునే ఆమె యెన్నుకొన్నది. విద్యకును శీలమునకును విరోధము లేదని నిరూపించుట ఆనాటి యవసరము. అందుచే ప్రతి చరిత్రలోను విద్యతో పాటు శీలమును నొక్కి చెప్పవలసి వచ్చెను. ఇది ఆమె లోపము గాదు; ఎదుటివాని ప్రశ్నయే సమాధానపు రూపమును నిర్ణయించినది.

అయితే యే సాధనమైనను అవసరము తీరిన తరువాతను చేత నిలిచియున్నచో అలవాటుగా మారును. ఆమె యనంతరము వచ్చినవారిలో పెక్కురు ఆమె వాదమును విడిచి, ఆమె మూసను మాత్రము గ్రహించిరి. స్త్రీ యే రంగమున కృషి చేసినను ఆమె చరిత్ర ఒకే క్రమమున నడచుట మన పాఠ్యపుస్తకములలోను, స్మారకసంచికలలోను నేటికిని కాననగును. ఉత్తమవంశము, బాల్యకష్టము, తండ్రి లేక భర్త ప్రోత్సాహము, పట్టుదల, సేవ, త్యాగము, లోకస్తుతి: ఇదియే ఆ క్రమము. కవయిత్రికిని, ఉపాధ్యాయినికిని, వైద్యురాలికిని ఒకటే వరుస. వృత్తి మారినను చరిత్ర మారకపోవుట యెట్లు పొసగును?

ఆనందీబాయి: మరణము వ్రాసిన కథ

ఈ మూస యెంత బలమైనదో తెలియుటకు ఆనందీబాయి జోషి చరిత్ర మంచి నిదర్శనము. ఆమె 1865 మార్చి 31న కల్యాణములో జన్మించెను. తొమ్మిదవ యేట గోపాలరావు జోషితో వివాహమయ్యెను. పదునాలుగవ యేట కన్న బిడ్డ తగిన వైద్యము లేక పది దినములకే మరణించెను. 1883లో ఆమె అమెరికాకు పోయి, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్యకళాశాలలో చేరి, 1886 మార్చిలో పట్టము పొందెను. కొల్హాపురములోని ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల విభాగమునకు అధికారిణిగా నియమింపబడెను. కాని క్షయవ్యాధి పీడితయై స్వదేశమునకు వచ్చి, ఆ పదవిని నిర్వహింపకయే 1887 ఫిబ్రవరి 26న పూనాలో కన్నుమూసెను. అప్పటికామెకు ఇరువదిరెండేండ్లు నిండలేదు.

మరుసటి యేడే, 1888లో, అమెరికాలో కారొలైన్ డాల్ ఆమె చరిత్రను ప్రకటించెను. మరాఠీలో కాశీబాయి కానిట్కరు మరియొక చరిత్రను వ్రాసెను. 1968లో శ్రీ. జ. జోషి మరాఠీ నవల వెలువడెను. దాని పేరు ఆనందీ గోపాళ్. నామమునందే భార్యాభర్తల జంట కలదు. 2019లో అదే పేరుతో మరాఠీ చలనచిత్రము వచ్చెను. ఒక్క రోగికిని స్వదేశమున అధికారరీత్యా చికిత్స చేయు నవకాశము చిక్కని వైద్యురాలికి ఇన్ని చరిత్రలు గలుగుటకు కారణమేమి? ఆమె మహత్త్వము నిస్సందేహము. అయినను కథ కనుకూలమైన మరణము ఆమెకు ప్రాప్తించినది. మరణము కథకు ముగింపు నిచ్చును. దినదినమును జరుగు వృత్తికి అట్టి ముగింపు లేదు. కావుననే 1886లోనే కలకత్తాలో వైద్యపట్టము పొంది, పిదప చిరకాలము వైద్యము చేసిన కాదంబినీ గంగూలీ పేరు మన పాఠకులకు అంతగా పరిచితము గాదు.

ఇక్కడ ఆత్మోక్తిని గమనించుట మేలు. అమెరికా ప్రయాణమునకు ముందు, 1883 ఫిబ్రవరి 24న, శ్రీరామపురము కళాశాలలో ఆనందీబాయి ప్రసంగించెను. లోకులు తన్ను అడుగుచున్న ప్రశ్నలను తానే వరుసగా పెట్టుకొని సమాధానము చెప్పెను. ఈ దేశముననే చదువరాదా, ఒంటరిగా నేల పోవలయును, కులమువారు వెలివేయరా అను ప్రశ్న లవి. ఆ సమాధానములలో కన్నీరు లేదు, తర్కము గలదు. దేశమునకు స్త్రీవైద్యులు కావలయును, ఇక్కడ చదువుటకు తగిన యేర్పాటు లేదు, కనుక పోవుచున్నాను. ఇది ఆమె వాదసారము. కళాశాలకు వ్రాసిన దరఖాస్తులో సైతము, పురుషవైద్యునిచే చికిత్స పొందుటకంటె చావునే మేలని తలచు తన దేశపు స్త్రీలకు నిజమైన వైద్యసహాయము చేయుటయే తన యుద్దేశమని స్పష్టముగా తెలిపెను. ఆమె పట్టమునకై వ్రాసిన సిద్ధాంతవ్యాసము ఆర్యహిందువులలోని ప్రసూతివిధానమును గూర్చినది. అనగా తన శాస్త్రమును తన దేశమున పూర్వమున్న జ్ఞానముతో చేర్చి చూడ దలచిన బుద్ధి యది.

ఈ మూడింటిలో, ప్రసంగమునందును, దరఖాస్తునందును, సిద్ధాంతవ్యాసమునందును కనబడు వ్యక్తి ఒక విద్యార్థిని, ఒక వాదిని, ఒక శాస్త్రజిజ్ఞాసువు. ప్రచారములోనున్న కథలలో కనబడునది భర్త పట్టుదలకు లోబడిన పత్ని, బిడ్డను పోగొట్టుకొనిన తల్లి, ప్రాణమర్పించిన త్యాగిని. ఈ రెండవ చిత్రము అసత్యము గాదు. కాని మొదటి చిత్రమును మరుగుపరచినపుడు అది అర్ధసత్యమగును. అర్ధసత్యము శీలనిర్ణయమునకు చాలదు.

తెలుగు నేలపై ఇరువురు

ఆనందీబాయి ఫిలడెల్ఫియాకు పోయిన 1883వ సంవత్సరముననే, ఆ కళాశాలలోనే 1879లో పట్టము పొందిన అన్నా సారా కుగ్లరు గుంటూరునకు వచ్చెను. ఒకే విద్యాలయము ఒక వైద్యురాలిని మన దేశమునకు పంపుచు, ఒక విద్యార్థినిని మన దేశము నుండి గైకొన్నది. కుగ్లరు 1856లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. వైద్యవిద్య ముగించిన యామెను లూథరన్ సంఘమువారు మొదట వైద్యురాలిగా పంపలేదు. అంతఃపురస్త్రీలకు చదువు చెప్పుట మున్నగు పనులకై పంపిరి. వైద్యము ఆమె పనిగా సంఘము అంగీకరించినది 1885లో. గుంటూరులో ఆసుపత్రి ప్రారంభమైనది 1898లో. 1905లోను, 1917లోను కైజర్-ఇ-హింద్ పతకములు ఆమెకు లభించెను. 1928లో ఆసుపత్రి చరిత్రను తానే గ్రంథముగా వ్రాసెను. 1930లో మరణించెను.

ఈ సంవత్సరములను కేవలము పట్టికగా చదువరాదు. 1883కును 1885కును నడుమ నున్న రెండేండ్లలో ఒక చరిత్ర గలదు. పట్టము చేత నున్నను వృత్తి చేత లేని స్థితి యది. 1885కును 1898కును నడుమ నున్న పదుమూడేండ్లలో మరియొక చరిత్ర గలదు. రోగులు ఉన్నను, వారిని చేర్చుకొను ఇల్లు లేని స్థితి యది. త్యాగమును మాత్రమే వెదకు చరిత్రకారునికి ఈ యేండ్లు శూన్యములు. వృత్తిని వెదకు వానికి ఇవియే ముఖ్యములు. వైద్యురాలి పట్టుదల యనునది సముద్రము దాటుటలో కంటె ఈ నిరీక్షణములోనే యెక్కువగా తెలియును.

మిషను వారి వ్రాతలను వాడుకొనునపుడు పరిశోధకుడు ఒక జాగ్రత్త వహింపవలయును. అవి దూరదేశమున ధనమిచ్చు భక్తుల కొరకు వ్రాయబడినవి. వానియందు మతవ్యాప్తి వార్త ముందును, వైద్యవార్త వెనుకను నిలుచుట సహజము. అట్లని వానిని త్రోసిపుచ్చరాదు. ఏ జాతివారు, ఏ వయసువారు, ఏ వ్యాధితో వచ్చిరి యను వివరములు ఇట్టి నివేదికల మూలలలోనే దొరకును. అచ్చట ప్రశంస తక్కువ, సమాచార మెక్కువ.

హైదరాబాదున మరియొక నిదర్శనము గలదు. పార్సీ వనిత రూపాబాయి ఫర్దూంజీ 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరి 1889లో విద్య ముగించెను. ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున అచ్చట క్లోరోఫారమును గూర్చి పరీక్షలు జరిగిన కాలమది. 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారం విచారణసంఘములు పనిచేసెను. రూపాబాయి మత్తుమందు నిచ్చుటయే తన ప్రత్యేకవిద్యగా చేసికొనెను. ప్రపంచమున ఈ విద్య నవలంబించిన తొలి స్త్రీలలో ఆమె యొకతె యని వైద్యచరిత్రకారులు గుర్తించిరి. మత్తు నిచ్చు వైద్యుని పనిని రోగి చూడడు, చూచువేళకు నిద్రపోవును. మేలుకొనిన పిదప కత్తి పట్టిన వైద్యుని పేరే చెప్పుకొనును. ఇట్టి పనియందు గొప్పదనమును పసిగట్టుటకు సచ్చరిత్రలోని కొలతలు పనికిరావు. కన్నుల కగపడని జాగరూకతయే ఇచ్చట శీలము.

ఒకే పేరు, రెండు జీవితములు

ఇపుడు మన ముఖ్యవిషయమునకు వత్తము. భండారు అచ్చమాంబ మరణించిన మరుసటి యేడు, 1906లో, లక్ష్మణరావునకు గుంటూరులో కూతురు జన్మించెను. అక్క పేరే ఆమెకు పెట్టిరి. విజ్ఞానచంద్రికామండలి స్థాపితమైనదియు ఆ యేడే. ఆ మండలి తొలి ప్రచురణము, కర్నూలు వాస్తవ్యుడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము, 1907లో వెలువడెను. అనగా జీవితచరిత్ర రచనయు, శాస్త్రవిజ్ఞానమును తెలుగున తెచ్చు నుద్యమమును ఒకే యింట ఊపిరి పోసికొనుచున్న వేళ ఆమె పుట్టెను. తండ్రి 1923లో మరణించునాటికి ఆయన తలపెట్టిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అకారముతోనే నిలిచియుండెను.

కొమర్రాజు అచ్చమాంబ మద్రాసు వైద్యకళాశాలలో చదివెను. పైచదువునకై ఇంగ్లండునకు పోయి వచ్చెను. విజయవాడలో వైద్యము చేసెను. న్యాయవాది యైన వెంకటరామశాస్త్రిని వివాహమాడెను. కమ్యూనిస్టు ఉద్యమమునందును, మహిళాసంఘమునందును పనిచేసి, తరువాత ఆ పక్షమును వీడి కాంగ్రెసులో చేరెను. 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికయ్యెను. ప్రసూతి - శిశుపోషణ యను గ్రంథమును తెలుగున రచించెను. 1964లో మరణించెను.

ఆమెను గూర్చి వాడుకలో నున్న పరిచయవాక్యములను పరిశీలించినచో ఒక విచిత్రము తోచును. మొదట లక్ష్మణరావు కుమార్తె, పిదప అచ్చమాంబ మేనకోడలు, తరువాత పార్లమెంటు సభ్యురాలు. ఆమె జీవితమున అధికభాగమును ఆక్రమించిన వైద్యవృత్తి, పేరునకు ముందు డాక్టరను రెండక్షరముల సంక్షేపముగా మిగిలినది. విశేషణము విశేష్యమును మింగుట మనము చూచియున్నాము. ఇచ్చట విశేష్యమే విశేషణముగా క్షీణించినది. పైగా ఇరువురు అచ్చమాంబలును ఒకే యింటివారగుట చేత, ఒకరి కృషిని మరియొకరి పేరున చేర్చుటయు, ఒకరి సౌశీల్యమునే మరియొకరికి వారసత్వముగా పంచుటయు సులువైనది. పేరు వారసత్వముగా రావచ్చును. వృత్తి అట్లు రాదు. దానిని ఎవరికి వారు నేర్వవలసినదే.

మేనత్తకును మేనకోడలికిని గల నిజమైన సంబంధము వేరొకచోట నున్నదని మాకు తోచుచున్నది. మేనత్త తన బిడ్డలను పోగొట్టుకొని, స్త్రీలు చదువవలయునని వ్రాసెను. మేనకోడలు చదివి, తల్లియు బిడ్డయు బ్రదుకు మార్గమును గూర్చి వ్రాసెను. మొదటి గ్రంథము పేరు అబలతో ఆరంభమగును. రెండవ గ్రంథము పేరున అబల లేదు, సచ్చరిత్ర లేదు. ప్రసూతి, శిశుపోషణ అను రెండు పనులు గలవు. ఒక యింట అర్ధశతాబ్దమునకు లోపల జరిగిన యీ మార్పును తెలుగు వచనచరిత్రలో ఒక మలుపుగా గుర్తింపవలయును. స్త్రీ యోగ్యత గలదని నిరూపించు వచనము నుండి, స్త్రీకి కావలసిన దానిని తెలుపు వచనమునకు మనము వచ్చితిమి. లక్ష్మణరావు విజ్ఞానసర్వస్వమున పండితుల కొరకు చేయ దలచిన దానిని, ఆయన కూతురు పురిటింటి కొరకు చేసినది. సాహిత్యచరిత్రలు ఆరోగ్యగ్రంథములను సాహిత్యముగా లెక్కింపవు. కాని శాస్త్రవిషయమును గృహిణికి బోధపడు తెలుగున చెప్పుట యెంతటి భాషాకార్యమో, పారిభాషికపదములతో పెనుగులాడిన వారికి తెలియును. అదియే ఆమె కృతి. మొల్లకు రామాయణమెట్లో, ఆమెకు చికిత్సతో కూడిన ఆ బోధన మట్లు.

ఆమె రాజకీయజీవితమును గూర్చియు ఒక మాట. పక్షము మారినదను విషయమును కొందరు చాపల్యముగా, కొందరు వివేకముగా వ్యాఖ్యానింతురు. రెండును పక్షమునే కేంద్రముగా గొనిన వ్యాఖ్యానములు. వృత్తిని కేంద్రముగా గొని చూచినచో ప్రశ్న మారును. కమ్యూనిస్టుగా నున్నపుడును, పిదప కాంగ్రెసు సభ్యురాలుగా నున్నపుడును ఆమె వైద్యురాలే. వైద్యురాలికి స్త్రీల దారిద్ర్యము గ్రంథములలో చదివిన విషయము గాదు. పరీక్షామంచముపై ప్రతిదినమును కనబడు లక్షణము. ఆ లక్షణమునకు మందు ఏ పక్షమున గలదని ఆమె వెదకియుండునని ఊహించుట అసంగతము గాదు. ఇది మా యూహయే యని యొప్పుకొనుచున్నాము. నిరూపణభారము రాబోవు పరిశోధకులది.

ఆక్షేపములు

మా వాదముపై రెండు ఆక్షేపములు రావచ్చును. మొదటిది: వృత్తిని మాత్రము చెప్పి సంసారమును విడిచినచో అది జీవితచరిత్ర యెట్లగును? బిడ్డ మరణమే గదా ఆనందీబాయిని వైద్యమునకు పంపినది? నిజము. సంసారమును విడువుమని మేము చెప్పుట లేదు. దానిని కారణముగా చూపుడు, ఫలముగా చూపవలదు. పురుషవైద్యుని చరిత్రలో అతని భార్య యొక ప్రకరణము. స్త్రీవైద్యురాలి చరిత్రలో ఆమె భర్త గ్రంథమంతటను వ్యాపించుట న్యాయము గాదు.

రెండవది మరింత గట్టిది. ప్రజలకు ఆదర్శములు కావలయును. వృత్తివివరములు ఎవరిని కదిలించును? వేలూరులో ఐడా స్కడర్‌ను గూర్చి చెప్పుకొను కథను చూడుడు. ఒకే రాత్రి మూడిండ్ల నుండి ప్రసవవేదనలో నున్న స్త్రీలకై ఆమెను పిలువ వచ్చిరి. తాను వైద్యురాలను గాననియు, తండ్రి వైద్యుడనియు ఆమె చెప్పెను. పురుషవైద్యుని రానీయమని వారు మరలిపోయిరి. ముగ్గురును మరణించిరి. ఆ కథ యెందరినో కదలించినది. మేమును కాదనము. కాని ఆ రాత్రి ఆమెను వైద్యురాలిని చేయలేదు. చదువ నిశ్చయించునట్లు మాత్రము చేసినది. 1918లో వేలూరున స్త్రీలకు వైద్యపాఠశాల నెలకొల్పుట ఆమె వృత్తి. ఆ రాత్రి కథను చదివి మనము కన్నీరు పెట్టుదుము. ఆ పాఠశాల కథను చదివిననాడు మన ఆడుబిడ్డను ఏ కళాశాలకు పంపవలయునో ఆలోచింతుము. రెండింటిలో ఏది గొప్ప ఆదర్శము? పూజింపదగిన చరిత్ర మనలను దూరముగా నిలుపును. అనుసరింపదగిన చరిత్ర మనలను దారిలో పెట్టును.

ఉపసంహారము

ఈ విచారమువలన తేలిన దానిని సంగ్రహింతము. వైద్యురాలి చరిత్ర వ్రాయువారికి ఆధారములు నాలుగు. మొదటిది ఆమె తన్ను గూర్చి పలికిన, వ్రాసిన మాట. రెండవది ఆమె పనిచేసిన సంస్థల లెక్కలును, నివేదికలును. మూడవది ఆమెచే చికిత్స పొందినవారి, ఆమెతో పనిచేసిన వారి నోటిమాట. నాలుగవది ఆమె బోధించిన, ప్రచురించిన విషయము. మొదటిదానిలో ఆత్మప్రశంసను, రెండవదానిలో సంస్థాప్రయోజనమును, మూడవదానిలో మరపును, కృతజ్ఞతాతిశయమును తీసివేయవలయును. శేషించినదే చరిత్ర. మూడవ ఆధారమునకు మన శాఖలు ఇయ్యవలసినంత విలువ ఇయ్యలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన మనకు తెలియని మన చరిత్ర, తెలంగాణ పోరాటమున పాల్గొన్న స్త్రీల నోటిమాటలను చేర్చి, ఇట్టి సాక్ష్యమునకు గల శక్తిని తెలుగువారికి చూపినది. ఆ పద్ధతిని వైద్యచరిత్రకును వర్తింపజేయవచ్చును.

మరల బద్వేలునకే వచ్చి ముగింతము. రాయలసీమలో వైద్యకళాశాల మొదట ఏర్పడినది 1957లో, కర్నూలున. కడపలో ఏర్పడినది 2006లో. అంతకు ముందు ఈ మెట్టసీమ స్త్రీకి వైద్యవిద్య మద్రాసు, విశాఖపట్టణము, వేలూరు, గుంటూరు వంటి దూరస్థలములందే యుండెను. చదువు దూరమైనపుడు చదివిన స్త్రీ అరుదు. చదివిన స్త్రీ అరుదైనపుడు పురిటింటికి మంత్రసానియే దిక్కు. వైద్యురాండ్ర చరిత్రలలో మంత్రసాని అజ్ఞానమునకు ప్రతిరూపముగా కనబడుట పరిపాటి. ఆమె చేతిలో చెడినవి వ్రాసినవారు, ఆమె చేతిలో నిలిచినవి వ్రాయలేదు. ఆమెకు ఆత్మోక్తియు లేదు, కృతియు లేదు. సచ్చరిత్ర మూసలోను ఆమె యిమడలేదు. వైద్యురాలి చరిత్ర న్యాయముగా వ్రాయబడిననాడు, ఆమె ప్రక్కన మంత్రసానికిని కొంత చోటు దొరకును. ఏలయన అపుడు మనము చూచునది పేరును గాదు, పనిని.

గోపవరము ఏ సీమలోనిదని మనము చిరకాలము వాదించితిమి. ఆ వాదము వ్యర్థము గాదు. అయితే ఆ యూరి చుట్టుపట్ల గ్రామములలో, తాము తొలిసారి చూచిన ఆడు డాక్టరును గూర్చి చెప్పగల వృద్ధురాండ్రు ఇంకను ఉందురు. ఆమె యే బండిలో వచ్చినది, ఏమి అడిగినది, చేయి యెట్లు పట్టి చూచినది, గదిలో నుండి మగవారిని ఎట్లు బయటికి పంపినది, ఫీజు తీసికొన్నదా లేదా, ఇవి అడిగి వ్రాసికొనదగిన ప్రశ్నలు. మొల్లకు అవతారికయైన మిగిలినది. ఆ వృద్ధురాండ్ర మాట నేడు వ్రాసికొననిచో రేపు అదియు మిగులదు. పరిశోధకవిద్యార్థులు గ్రంథాలయమునుండి బయలుదేరి ఆ యరుగులపై కొంతసేపు కూర్చుందురు గాక యని మా మనవి.